రొట్టె కాపలా కాసినవాడు, పిండి పిసికినావిడ

నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు ఒక మాట చెప్పారు. "పాత ఇంగ్లీషు గురించి ఏదైనా మాట్లాడండి సార్, బోర్ కొట్టకుండా చూడండి" అని. ఈ రెండూ ఒకచోట కుదురుతాయా అని టెన్షన్ పడుతూనే వచ్చాను. అందుకని పెద్ద పెద్ద విషయాల జోలికి పోను. ఈ సాయంత్రం ఒకే ఒక్క మాట పట్టుకుంటాను. ఆ మాట రొట్టె.

బేకరీకి వెళ్లి బ్రెడ్ ఇవ్వమంటాం. ముక్కలు కొయ్యని మొత్తం దిమ్మని లోఫ్ అంటారు. వెయ్యేళ్ల కిందట ఇది దాదాపు తలకిందులు. అప్పుడూ బ్రెడ్ అనే మాట ఉంది గానీ ముక్క, తునక అనే అర్థంలోనే ఎక్కువ కనపడుతుంది. రొట్టెకి అసలు పేరు 'హ్లాఫ్'. ఆ హ్లాఫే ఇప్పటి లోఫ్. 1200 నాటికి బ్రెడ్ అంటే రొట్టె అయిపోయింది, రొట్టె అనే మాట దిమ్మకి దిగింది. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారన్నమాట.

చర్చికి వెళ్లేవాళ్లకి పరలోక ప్రార్థన నోటికొచ్చు కదా. తెలుగులో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అంటారు. అదే వాక్యం పాత ఇంగ్లీషులో "ఊర్నె యెదైహ్వామ్లిచన్ హ్లాఫ్ సిలె ఊస్ తోదై" అని ఉంటుంది. దాంట్లో ఒక్క ముక్క కూడా ఇప్పటి ఇంగ్లీషులా వినపడలేదు కదా? 'తోదై' అంటే టుడే, 'ఊస్' అంటే అస్. మధ్యలో నిలబడ్డవాడే మన హ్లాఫ్. తెలుగు చేసినవాళ్లు ఇక్కడ రొట్టె అనకుండా ఆహారం అన్నారు. మంచి పనే చేశారు. రోజూ అన్నం తినేవాడు రొట్టె కోసం ఎందుకు ప్రార్థిస్తాడు?

ముందు ఆ 'హ్' సంగతి చూద్దాం. హ్లాఫ్‌లో హ్ ఎక్కడికి పోయింది? మన వ్రాయిలో వ్ ఎక్కడికి పోయిందో అక్కడికే. క్రొత్త కొత్త అయింది, మ్రాను మాను అయింది, వ్రాత రాత అయింది. మాట మొదట్లో రెండు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే నాలుక ఎన్నాళ్లు మోస్తుంది? ఇంగ్లీషు వాళ్ల నాలుకా అంతే. లాఫ్ (నవ్వడం), లౌడ్ (గట్టిగా), లీప్ (దూకడం), వీటన్నిటికీ ఒకప్పుడు ముందు హ్ ఉండేది. రింగ్‌కి ఉండేది, నట్‌కి కూడా ఉండేది.

ఇప్పుడు అసలు కథ.

మా చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో కొట్టుగది ఒకటుండేది. చీకటిగా, వడ్ల వాసనతో, కాలు పెడితే చల్లగా. తాళంచెవి అమ్మమ్మ బొడ్లో ఉండేది. పొద్దున్నే తలుపు తీసి, ఆ పూటకి కావలసిన బియ్యం కొలిచి బయటపెట్టి, మళ్లీ తాళం వేసేది. పాలేరు వసారా చివర సత్తుగిన్నె పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ మానికతో కొలుస్తూ ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. ఇంట్లో మగవాళ్లు ఎంతమంది ఉన్నా, ఆ తాళంచెవి ఉన్న మనిషి మాటే చెల్లేది. ఆ ఇంటికి దొర ఎవరని ఎవరైనా అడిగితే, నేనైతే కొట్టుగది తలుపు చూపించేవాణ్ణి.

పాత ఇంగ్లీషులో 'వేఅర్డ్' అంటే కాపలాదారు. హ్లాఫ్ పక్కన వేఅర్డ్ పెట్టండి. హ్లాఫ్‌వేఅర్డ్, అంటే రొట్టెకి కాపలా కాసేవాడు. అది నోళ్లలో నలిగి 'హ్లాఫోర్డ్' అయింది. 12, 13 శతాబ్దాల రాతల్లో లావెర్డ్, లోవెర్డ్ అని కనపడుతుంది. ఆ తర్వాత మధ్యలో అక్షరం కూడా మింగేస్తే మిగిలింది లార్డ్! అయ్యవారు అయ్యోరు అయినట్టు, దొరవారు దొరోరు అయినట్టు. మన తాతలు వంగి వంగి దణ్ణాలు పెట్టిన ఆ లార్డుగారి అసలు ఉద్యోగం రొట్టెల బుట్ట దగ్గర కాపలా.

ఇది పండితుల ఊహేనా అని మీకు సందేహం రావచ్చు. పూర్తి రూపం, అంటే నలగకముందు హ్లాఫ్‌వేఅర్డ్, ఒకచోట దొరుకుతుంది. బైబిల్లోని కీర్తనల పాత ఇంగ్లీషు పద్యానువాదంలో యోసేపు ప్రస్తావన వస్తుంది. ఈజిప్టు రాజు ఫరో తన ఇంటి మీద యోసేపుని అధికారిగా పెట్టాడు అనే చోట, "హ్లాఫ్‌వేఅర్డ్‌గా పెట్టాడు" అని రాశారు. ఏడేళ్ల కరువులో ఈజిప్టు ధాన్యం కొట్లకి తాళం వేసినవాడు యోసేపు. ఆ మాట వాడటానికి ఇంతకన్నా సరైన మనిషి దొరకడు.

ఈ వేఅర్డ్ ఎక్కడికీ పోలేదు, మన మధ్యే తిరుగుతోంది. వార్డు మెంబరులో వార్డు అదే. ఆసుపత్రి వార్డు అదే. స్టీవార్డ్ అంటే 'స్టిగ్‌వేఅర్డ్', ఇంటి కాపలాదారు. స్కాట్లాండు రాజుల దగ్గర ఆ ఉద్యోగం వంశపారంపర్యంగా చేసిన కుటుంబమే చివరికి స్టువార్ట్ రాజవంశం అయింది, 1371లో సింహాసనం ఎక్కింది. ఎడ్వర్డ్ అంటే సంపదకి కాపలాదారు. ఇక హాస్టల్ వార్డెన్ అనే మాట ఫ్రెంచి వీధుల్లో తిరిగి వచ్చినా, దాని వేరూ ఇదే. మెస్సులో తలకి మూడు చపాతీలని లెక్కపెట్టి వేయించే వార్డెన్ ఉంటాడే, పాత ఇంగ్లీషు లెక్కన అసలైన లార్డ్ ఆయనే. (నవ్వులు)

ఒక హెచ్చరిక. ఇలాంటి ఉపన్యాసాలు విన్నాక మనకి ఒక జబ్బు పట్టుకుంటుంది, ప్రతి మాటకీ చుట్టరికం కలపడం. లోఫర్‌కీ ఈ లోఫ్‌కీ సంబంధం లేదు. అది 19వ శతాబ్దంలో అమెరికాలో బయటికొచ్చిన వేరే మాట. ఇందాక చెప్పిన లాభానికీ లోఫ్‌కీ కూడా ఏమీ లేదు, వినడానికి కలిసిందంతే. క్రికెట్ చూసేవాళ్లకి ఇంకోటి. లండన్‌లో లార్డ్స్ మైదానం లార్డులది కాదు. థామస్ లార్డ్ అనే ఆయన పెట్టిన మైదానం, ఆయన ఇంటిపేరు అది. ఇంటిపేరు మాత్రం రొట్టె దగ్గర నుంచే వచ్చింది లెండి.

ఇప్పుడు లేడీ.

పాత రూపం 'హ్లాఫ్‌దీయె'. మొదటి సగం మనకి తెలుసు. రెండో సగం దీయె అంటే పిసికేది. పిండి ముద్దని ఇంగ్లీషులో డో అంటారు కదా, అదే వేరు. కాబట్టి లేడీ అంటే రొట్టె పిండి పిసికే మనిషి. దీనికే దగ్గరి చుట్టం 'దాయె' అని ఇంకో మాట ఉండేది, రొట్టెలు చేసే పనిమనిషి అని. తర్వాత పాలు, వెన్న పనులు చూసే ఆవిడనీ అలాగే పిలిచారు. ఆవిడ పనిచేసే గదికి ఫ్రెంచి తోక తగిలించి డెయిరీ అన్నారు. మీరు పొద్దున్నే పాల ప్యాకెట్టు కొనే డెయిరీ అది. పాల వ్యాపారం పేరులో పిండి పిసికే ఆవిడ ఉంది, పాల చుక్క లేదు.

ఈ పిసకడం అనే వేరు చాలా పాతది, ఇంగ్లీషు పుట్టకముందుది. మట్టినో పిండినో మెత్తగా పిసికి ఒక రూపం చెయ్యడం అని దాని అర్థం. అదే వేరు సంస్కృతంలో 'దిహ్' ధాతువు, పూయడం, మెత్తడం. దాన్నుంచి వచ్చిన మాట మీ అందరి దగ్గరా ఉంది. దేహం! మట్టి మెత్తి చేసిన బొమ్మ. 'సం' చేర్చి అన్నీ కలిపి పూసేస్తే ఏది ఏదో తెలీదు, అది సందేహం. ఇందాక మీకు సందేహం రావచ్చు అన్నానే, ఆ మాటకి లేడీతో చుట్టరికం ఉందని అప్పుడు చెప్పలేదు.

ఇంకో ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. పాత ఇరాన్ భాషలో ఇదే వేరుకి గోడ అని అర్థం వచ్చింది, మట్టి పిసికి పెట్టే గోడ. 'పైరి' అంటే చుట్టూ. చుట్టూ గోడ కట్టిన తోట పైరిదాయెజ. గ్రీకులు దాన్ని పట్టుకెళ్లారు, అక్కణ్ణుంచి పారడైజ్ అయింది. అదే మాట ఇంకో దారిలో వెళ్లి ఫిర్దౌస్ అయింది. సికింద్రాబాద్ పారడైజ్ చౌరస్తాలో బిర్యానీ తింటూ ఎవరైనా 'లేడీ' అంటే, ఆ బల్ల మీద ఒకే ఇంటి పిల్లలు ఇద్దరు కలిసినట్టు. నాకు ఇలాంటివి చూస్తే వెర్రి సంతోషం. మీకు కలగకపోతే క్షమించండి.

పిండి పిసకడం అన్నాం కదా అని హ్లాఫ్‌దీయె అంటే వంటింటికే పరిమితం అనుకోకండి. 9వ శతాబ్దపు ఇంగ్లీషు రాజు ఆల్ఫ్రెడ్ కూతురు ఎథెల్‌ఫ్లెడ్ బిరుదు 'మెర్సియన్ల హ్లాఫ్‌దీయె'. భర్త చనిపోయాక మధ్య ఇంగ్లండులోని మెర్సియా రాజ్యాన్ని ఆవిడే ఏలింది. వరసగా కోటలు కట్టించింది. 917లో డెర్బీని, ఉత్తరాది నుంచి ఓడల్లో వచ్చి పడ్డ వైకింగుల దగ్గర నుంచి తీసుకుంది, మరుసటి ఏడాది లెస్టర్ యుద్ధం లేకుండానే లొంగిపోయింది. 918లో టామ్‌వర్త్‌లో చనిపోయింది. బిరుదు అర్థం చూస్తే రొట్టెలావిడ.

మరి ఈ ఇద్దరూ మన దగ్గరికి ఎలా వచ్చారో చూడండి. లేడీ ఆర్టీసీ బస్సెక్కింది. లేడీస్ సీట్లు, లేడీస్ హాస్టల్, లేడీ డాక్టర్. చివరికి బెండకాయ కూడా లేడీస్ ఫింగర్ అయింది, పిండి పిసికే ఆవిడ వేలు! లార్డ్ మాత్రం కిందికి దిగలేదు. బస్సులో లేడీస్ పక్కన జెంట్స్ ఉంటారు గానీ లార్డ్స్ ఉండరు. ఆయన కోర్టులో కూర్చున్నాడు. "మై లార్డ్" అనక్కర్లేదు, "యువర్ ఆనర్" అనో "ఆనరబుల్ కోర్ట్" అనో అంటే చాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే నియమం పెట్టింది. మన హైకోర్టులకి వెళ్లి చూడండి, ఇంకా మై లార్డే. అలవాటు. ఇంగ్లీషు పేపర్లలో లార్డ్ వెంకటేశ్వర అని కూడా రాస్తారు. రొట్టె కాపరి అంటే స్వామికి తక్కువేమో అనిపిస్తుంది గానీ, తిరుమలలో అన్నప్రసాదం పంక్తులు చూసినవాళ్లు ఆ మాట తప్పనరు.

ఒక చిన్న వ్యాకరణం ముక్క. ఎర్ర వీపు మీద నల్ల చుక్కలుండే బుల్లి పురుగుని లేడీబర్డ్ అంటారు. అక్కడ లేడీ అంటే మరియమ్మ. మరియమ్మవారి పిట్ట అనాలంటే 'లేడీస్ బర్డ్' అనాలి కదా, ఆ 'స్' ఏదీ? పాత ఇంగ్లీషులో ఈ మాటకి షష్ఠీ విభక్తి 'స్'తో రాదు, వేరే తోకతో వచ్చేది. ఆ తోక అరిగిపోయింది, విభక్తి ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు. పురుగు వీపు మీద మాత్రం అది ఇంకా అలాగే ఉంది.

రొట్టె పేరుతో ఒక పండగ కూడా ఉండేది. హ్లాఫ్‌మ్యాస్సె, రొట్టె పూజ. ఇప్పటి ఉచ్చారణ లామస్. ఆగస్టు 1న. కొత్త గోధుమలతో చేసిన మొదటి రొట్టె చర్చికి తీసుకెళ్లి దీవెన చేయించేవాళ్లు. మనకి సంక్రాంతి కొత్త బియ్యం పొంగలి ఎలాగో అలాగ. కొత్త పంట నోట్లో పెట్టుకునే ముందు పైవాడికి చూపించడం అన్ని ఊళ్ల రైతులకీ ఒకటే.

అయితే ఆ దీవించిన రొట్టెని ఏం చేసేవాళ్లో ఒక పాత రాతప్రతిలో ఉంది, నాకు చాలా ఇష్టమైన చోటు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ధాన్యం కొట్టు నాలుగు మూలల్లో నలిపి చల్లమంటుంది. ధాన్యానికి రక్ష. ఇంకో రాతప్రతిలో పొలం బాగుచేసే తంతు ఉంది. రకరకాల పిండి తీసుకుని, పాలు, పవిత్రజలం పోసి కలిపి, అరచెయ్యంత వెడల్పు రొట్టె కాల్చి, దున్నేటప్పుడు మొదటి చాలు కింద పెట్టమంటుంది. ఏరువాక పున్నమినాడు నాగలికి పసుపు, కుంకుమ పెట్టి మొదటి చాలు తోలే మన రైతుకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. రొట్టెని మట్టికి ముందు తినిపిస్తే, మట్టి తర్వాత రొట్టె ఇస్తుంది. చర్చి ప్రార్థనలూ, అంతకుముందటి భూదేవి పిలుపులూ ఆ తంతులో పక్కపక్కనే ఉంటాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆ కాలపు పెద్ద రచయిత ఎల్ఫ్రిక్ అని సన్యాసి ఒకాయన, క్రిస్మస్ ప్రసంగం చెబుతూ, యేసు పుట్టిన ఊరు బేత్లెహేముకి అర్థం చెప్పాడు. హీబ్రూలో రొట్టె ఇల్లు అని. దానికి ఆయన రాసిన మాట 'హ్లాఫ్‌హూస్'. వినేవాళ్లు పల్లెటూరి జనం. హ్లాఫ్ తెలుసు, హూస్ తెలుసు. ఊరి పేరు ఒక్కసారి ఇంట్లో పొయ్యి దగ్గరికి వచ్చేసింది.

ఇప్పుడు ఆల్ఫ్రెడ్ కథ చెప్పకుండా వెళ్తే నన్ను క్షమించరు. 878 జనవరిలో గుత్రమ్ అనే వైకింగు నాయకుడు చిపెన్‌హామ్ మీద పడ్డాడు. ఆల్ఫ్రెడ్ కొద్దిమందితో సోమర్సెట్ చిత్తడి నేలల్లోకి, అథెల్నీ అనే చోటికి పారిపోయాడు. అంతవరకూ చరిత్ర. నూరేళ్ల తర్వాత రాసిన కథ ఏమంటుందంటే, అక్కడ ఒక పందుల కాపరి గుడిసెలో తలదాచుకున్నాడు. ఆ ఇంటావిడ పొయ్యిలో రొట్టెలు పెట్టింది. రాజు ఆలోచనలో మునిగి కూర్చున్నాడు. రొట్టెలు మాడుతుంటే ఆవిడ చూసి చెడామడా తిట్టింది, "తినడానికైతే ముందుంటావు, మాడుతుంటే తిప్పలేవా" అన్న ధోరణిలో. రాజని ఆవిడకి తెలీదు. నోరెత్తకుండా ఆయన రొట్టెలు తిప్పాడు. ఈ కథ నిజమా అంటే, ఆయన బతికుండగానే ఆయన జీవితం రాసిన ఆసర్ దీన్ని రాయలేదు. జరిగి ఉండకపోవచ్చు. కానీ మాటల వాడిగా నాకు దీన్ని వదలాలనిపించదు. హ్లాఫోర్డ్, అంటే రొట్టె కాపరి, ఒక్క పూట రొట్టెకి కాపలా కాయలేక పిండి పిసికినావిడ చేత తిట్లు తిన్నాడు. ఆ ఏడాదే మే నెలలో ఎడింగ్టన్ దగ్గర గుత్రమ్‌ని ఓడించాడు లెండి, అది వేరే సంగతి.

ఆ ఆల్ఫ్రెడ్ చట్టాల్లో ఒక సంగతి ఉంది. నేరాల్లో చాలావాటికి డబ్బు కడితే పోతుంది. హ్లాఫోర్డ్‌కి ద్రోహం చేస్తే మాత్రం పోదు. ఆ ద్రోహిని 'హ్లాఫోర్డ్‌స్వికా' అనేవాళ్లు. 1014లో వుల్ఫ్‌స్టన్ అనే యార్క్ ఆర్చిబిషప్పు ఒక ప్రసంగంలో, దేశం నిండా ఇలాంటివాళ్లే ఉన్నారని మొత్తుకున్నాడు. ఆ మాటని నిఘంటువులు రాజద్రోహి అంటాయి. నన్నడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అంటాను.

ఎందుకంత పెద్ద నేరం అయింది? రొట్టె పెట్టేవాడికీ తినేవాడికీ ఉన్న ముడి అది. మన దగ్గరా ఆ ముడి మాటల్లోనే ఉంది. 'భృ' అనే సంస్కృత ధాతువు, భరించడం, పోషించడం. పోషించేవాడు భర్త. పోషింపబడే సేవకుడు భృత్యుడు. భార్య కూడా అక్కణ్ణుంచే. హ్లాఫోర్డ్ అన్నా యజమానే కాదు, ఇంటావిడ దృష్టిలో భర్త కూడా. రెండు దేశాల వాళ్లూ ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా ఒకటే పాఠం రాసుకున్నారు. మన వైపు జమీందారుని "అన్నదాతా" అని పిలిచిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ మాట రైతుకి చెందింది. చెందాల్సింది కూడా ఆయనకే.

మరి హ్లాఫోర్డ్‌కి ఎదురుగా భృత్యుడు ఎవరు? ఉన్నాడు. కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ సుమారు 600 ప్రాంతంలో రాయించిన చట్టం ఇంగ్లీషు భాషలో మొట్టమొదటి చట్టం. అందులో ఒక చిన్న వాక్యం ఉంది. ఒక రైతు తాలూకు 'హ్లాఫేత'ని ఎవడైనా చంపితే 6 షిల్లింగులు కట్టాలి. హ్లాఫేత అంటే రొట్టె తినేవాడు, ఈట్ అనే మాటే అక్కడున్న ఏత. ఆ చట్టంలోనే స్వతంత్రుడి ప్రాణం 100 షిల్లింగులు. రొట్టె తినేవాడిది 6.

రొట్టె కాచినవాడు పార్లమెంటు దాకా వెళ్లాడు. పిండి పిసికినావిడ బస్సుల్లో, బోర్డుల మీద, బెండకాయలో కూడా ఉంది. హ్లాఫేత మాత్రం ఆ చట్టంలో తప్ప ఇంకెక్కడా పెద్దగా కనపడడు. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి నుంచి సర్వెంట్ అనే మాట వచ్చింది, ఇతని జాగా అది తీసుకుంది. ఆ చట్టమైనా 12వ శతాబ్దంలో రోచెస్టర్‌లో ఎవరో నకలు రాసిపెట్టబట్టి, ఆ ఒక్క ప్రతి మిగలబట్టి, మనకి తెలిసింది. లేకపోతే ఆ ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు.

ఇందాక వసారా చివర సత్తుగిన్నె పట్టుకుని నిలబడేవాడని చెప్పానే, ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు ఆయన పేరేమిటా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. మొన్న మా అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పేరా? పాలేరు అనేవాళ్లం కదరా" అన్నాడు.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ అడగండి.